75 సెంట్ల లెక్క తేడా: ఒక నక్షత్రాల మాస్టారు హ్యాకర్‌ని పట్టుకున్న కథ

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, హ్యాకర్ అవ్వాలంటే ఏ కోర్సు చెయ్యాలి? ఏ ల్యాప్‌టాప్ కొనాలి?" ల్యాప్‌టాప్ సంగతి చివర్లో చెప్తా. ముందు ఒక కథ వినండి. నిజంగా జరిగిన కథ. ఇందులో హీరో ఏ సెక్యూరిటీ కోర్సూ చెయ్యలేదు. అతని దగ్గరున్నవి ఒక నోట్‌బుక్కు, బోలెడంత మొండితనం, ఒక 75 సెంట్ల లెక్క తేడా. అప్పటి రేటు ప్రకారం మన డబ్బుల్లో పది రూపాయల లోపే.

1986 ఆగస్టు. అమెరికాలో కాలిఫోర్నియా, బర్కిలీ కొండ మీద లారెన్స్ బర్కిలీ ల్యాబ్ అని ఒక సైన్స్ ల్యాబ్ ఉంది. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్త అక్కడ పనిచేసేవాడు. టెలిస్కోపులకి సంబంధించిన పని. గ్రాంటు డబ్బులు అయిపోయాయి. ఉద్యోగం తీసెయ్యకుండా, "కింద కంప్యూటర్ సెంటర్లోకి వెళ్ళి సిస్టమ్స్ చూసుకో" అన్నారు. అంటే నక్షత్రాలు చూసే మనిషిని తెచ్చి సర్వర్లు చూడమన్నారు.

కొత్తగా వచ్చినవాడికి చిన్న పనే కదా ఇస్తారు. ఆ రోజుల్లో పెద్ద కంప్యూటర్ని వాడుకున్న టైముకి బిల్లు వేసేవాళ్ళు. ఎవరు ఎన్ని సెకన్లు వాడారో లెక్కేసే ప్రోగ్రాములు రెండు ఉండేవి. నెలాఖరుకి రెండిటికీ 75 సెంట్లు తేడా వచ్చింది. అంటే కొన్ని సెకన్ల కంప్యూటర్ టైముకి డబ్బులు కట్టినవాడు లేడు. "ఈ తేడా ఎందుకొచ్చిందో చూడు" అన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. నా సొంత కథ ఒకటి చెప్పాలి, కొంచెం సిగ్గుపడే కథ. నా మొదటి ఉద్యోగంలో ఒకరోజు లాగ్స్ చూస్తుంటే, మానేసి వెళ్ళిపోయిన ఒకాయన అకౌంట్ నుంచి తెల్లవారుజామున మూడింటికి లాగిన్లు కనపడ్డాయి. "ఏదో పాత స్క్రిప్ట్ నడుస్తున్నట్టుంది" అనుకుని టికెట్ క్లోజ్ చేసేశా. నెలాఖరుకి క్లౌడ్ బిల్లు చూసి మా మేనేజర్ మొహం మాడిపోయింది. ఎవడో ఆ అకౌంట్‌తో మా సర్వర్ల మీద హాయిగా క్రిప్టో మైనింగ్ చేసుకున్నాడు. నాకు తేడా కనపడలేదని కాదు. కనపడింది, వదిలేశా. స్టోల్‌కీ నాకూ తేడా అక్కడే ఉంది.

స్టోల్ వదల్లేదు. తవ్వాడు. "హంటర్" అని ఒక యూజర్ అకౌంట్ దొరికింది. దానికి బిల్లు పంపే అడ్రస్ లేదు. ఎవరు సృష్టించారో ఎవరికీ తెలీదు. దాన్ని తీసేశాడు. తర్వాత ఇంకో కంప్యూటర్ వాళ్ళ నుంచి కబురొచ్చింది: మీ ల్యాబ్ నుంచి ఎవరో మా సిస్టంలోకి దూరాలని చూశారు అని. టైము చూస్తే అప్పుడు లాగిన్ అయి ఉన్న అకౌంట్ ల్యాబ్‌లో అందరికీ తెలిసిన పాత ఉద్యోగిది. ఆయనేమో అప్పటికి ఇంగ్లండ్‌లో ఉన్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ ఇంటివాడి చొక్కా వేసుకుని తిరుగుతున్నాడు.

ఎలా దూరాడు? ఇది శ్రద్ధగా వినండి, టెక్నికల్‌గా చాలా బాగుంటుంది. ఆ మెషీన్ల మీద ఈమాక్స్ అనే ఎడిటర్ ఉండేది. అందులో మెయిల్‌ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిపే చిన్న ప్రోగ్రాం ఒకటి. ఆ ల్యాబ్‌లో దాన్ని ఇన్‌స్టాల్ చేసినప్పుడు సిస్టం మొత్తానికి యజమాని హక్కులు, మనం రూట్ అంటాం కదా, అవి ఇచ్చేశారు. ఆ ప్రోగ్రాం ఏమో "ఈ ఫైల్‌ని నువ్వు అక్కడ పెట్టొచ్చా?" అని అడగదు. చెప్పిన చోట పెట్టేస్తుంది.

యూనిక్స్‌లో కొన్ని నిమిషాలకోసారి తనంతట తానే నడిచే హౌస్‌కీపింగ్ ప్రోగ్రాం ఒకటి ఉండేది. ఈ హ్యాకర్ ఏం చేశాడంటే, అచ్చం అదే పేరుతో తన ప్రోగ్రాం రాసి, మెయిల్ ప్రోగ్రాం సాయంతో అసలుదాని స్థానంలో పెట్టాడు. సిస్టం వచ్చి, తన ప్రోగ్రామే అనుకుని నడిపింది. అంతే, రూట్ ఇతని చేతిలోకి వచ్చింది. పనయ్యాక అసలుదాన్ని మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టాడు. కోకిల కాకి గూట్లో గుడ్డు పెడితే కాకి తన గుడ్డే అనుకుని పొదుగుతుంది కదా, సరిగ్గా అదే. స్టోల్ తర్వాత 1989లో రాసిన పుస్తకానికి పేరు కూడా అదే: ది కకూస్ ఎగ్.

ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు? పాస్‌వర్డ్‌లన్నీ మార్చేసి తలుపు మూసేస్తారు. కానీ మూస్తే అతను ఇంకో ఇంటికి వెళ్తాడు, మనకి ఎవరో కూడా తెలీదు. స్టోల్, అతని బాస్ కలిసి తలుపు తెరిచే ఉంచి, చప్పుడు చెయ్యకుండా చూద్దామని నిర్ణయించారు.

చూడాలంటే ఎలా? ల్యాబ్‌లోకి బయటి నుంచి 50 ఫోన్ లైన్లు వస్తాయి. ఏ లైన్లో వస్తాడో తెలీదు. శుక్రవారం సాయంత్రం అందరూ ఇళ్ళకి వెళ్ళాక, స్టోల్ టేబుళ్ళ మీదున్న ప్రింటర్లు, టెర్మినళ్ళు, కంప్యూటర్లు అడక్కుండానే తెచ్చి ఒక్కో లైనుకి ఒక్కోటి తగిలించాడు. వాటి మధ్యలోనే నేలమీద పడుకున్నాడు. హ్యాకర్ వచ్చాడు. కొట్టిన ప్రతి అక్షరం కాగితం మీద పడింది. ప్రింటర్లే ఎందుకంటే, కంప్యూటర్లో రికార్డ్ చేస్తే రూట్ ఉన్నవాడు చెరిపెయ్యగలడు. కాగితం మీద సిరాని కాలిఫోర్నియా బయట కూర్చున్నవాడు చెరపలేడు. హార్డ్‌వేర్ సలహా అడిగారుగా, ఇది నా దృష్టిలో చరిత్రలోనే బెస్ట్ హార్డ్‌వేర్ నిర్ణయం. దొంగ చెయ్యి అందని చోట లాగ్స్ పెట్టు. ఈరోజుకీ పెద్ద కంపెనీలు పాటించేది ఇదే సూత్రం.

కాగితాల్లో ఏం కనపడింది? అతను ఏదో సరదాకి తిరగట్లేదు. మెయిల్స్‌లో, ఫైళ్ళలో కొన్ని మాటలు వెతుకుతున్నాడు: న్యూక్లియర్, ఎస్‌డీఐ. ఎస్‌డీఐ అంటే అప్పటి అమెరికా ప్రెసిడెంట్ రీగన్ మొదలుపెట్టిన క్షిపణి రక్షణ ప్రాజెక్టు. బర్కిలీ ల్యాబ్‌ని మెట్టులా వాడుకుని మిలిటరీ నెట్‌వర్క్‌లోకి వెళ్తున్నాడు. మొత్తం మీద సుమారు 450 కంప్యూటర్ల తలుపులు తట్టాడు, 30కి పైగా తెరుచుకున్నాయి.

ఎలా తెరుచుకున్నాయో తెలుసా? చాలాచోట్ల ఏ మేజిక్కూ లేదు. "గెస్ట్" అని యూజర్, "గెస్ట్" అని పాస్‌వర్డ్. కంపెనీ మెషీన్ అమ్మినప్పుడు వచ్చే "ఫీల్డ్", "సర్వీస్" లాంటి జతలు. ఎవరూ మార్చలేదు. బీరువాకి తాళం వేసి, తాళంచెవి బీరువాకే వేలాడదీసినట్టు.

ఒకసారి అతను ఒక ముఖ్యమైన ఫైల్ లాగుతుంటే స్టోల్ చూస్తున్నాడు. లైన్ కట్ చేస్తే అనుమానం వస్తుంది. జేబులోంచి తాళాల గుత్తి తీసి ఆ లైన్ వైర్ల దగ్గర గలగలలాడించాడు. లైన్లో నాయిస్ వచ్చి ఫైల్ ముక్కలైపోయింది. అవతలివాడు "ఫోన్ లైన్ బాలేదు" అనుకున్నాడు. ఫైర్‌వాల్ కంటే ముందు తాళాలగుత్తి ఉండేదన్నమాట!

పోలీసుల సంగతి? స్టోల్ ఎఫ్‌బీఐకి చెప్తే, నష్టం ఎంత అని అడిగారు. 75 సెంట్లు అన్నాడు. ఇక మీరే ఊహించుకోండి. సీఐఏ, ఎన్‌ఎస్‌ఏ, ఎయిర్ ఫోర్స్ వాళ్ళు అందరూ ఆసక్తిగా విన్నారు, ఇది మా పని అన్నవాడు మాత్రం చాలాకాలం దొరకలేదు.

ట్రేస్ చేస్తూ పోతే లైన్ వర్జీనియాలో ఒక రక్షణ కాంట్రాక్టర్ దాకా, అక్కడినుంచీ ఇంకా ముందుకి, సముద్రం దాటి పశ్చిమ జర్మనీకి వెళ్ళింది. బ్రెమెన్, తర్వాత హానోవర్. అక్కడ ఫోన్ ఎక్స్ఛేంజిలో పాత మెకానికల్ స్విచ్‌లు. ఒక టెక్నీషియన్ స్వయంగా నిలబడి వైరు వెంట వైరు చూసుకుంటూ వెళ్ళాలి. దానికి గంటకి పైనే పడుతుంది. మనవాడేమో కొన్ని నిమిషాలే ఉండి వెళ్ళిపోతాడు.

స్టోల్‌తో కలిసి ఉంటున్న అమ్మాయి ఐడియా ఇచ్చింది: అతనికి కావలసిందే పెడదాం. 1987 జనవరిలో "ఎస్‌డీఐ నెట్" అని లేని ఒక ప్రాజెక్టుని పుట్టించి, గవర్నమెంటు భాషలో చాంతాడంత ఫైళ్ళు తయారుచేసి పెట్టారు. హ్యాకర్ వాటిని చూసి కూర్చుండిపోయాడు. ఆ టైములో ట్రేస్ పూర్తయింది. ఈరోజు సెక్యూరిటీలో హనీపాట్ అంటామే, దానికి బాగా పేరొచ్చిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. ఇంకా ఆశ్చర్యం: కొన్ని నెలలకి, ఆ దొంగ ప్రాజెక్టు పత్రాలు పంపమంటూ అమెరికాలోని పిట్స్‌బర్గ్ నుంచి పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. ఆ పేరు హ్యాకర్‌కి తప్ప ఎవరికీ తెలిసే అవకాశం లేదు. అంటే ఆ సమాచారాన్ని ఎవరో కొంటున్నారు.

కొన్నది సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ. హ్యాకర్ పేరు మార్కుస్ హెస్. అతనూ, ఇంకొందరు కుర్రాళ్ళూ కలిసి దొంగిలించినవి అమ్ముకున్నారు. 1990లో ముగ్గురికి శిక్ష పడింది, జైలుకి వెళ్ళక్కర్లేని సస్పెండెడ్ శిక్షలే.

కథ అక్కడ ఆపేస్తే సినిమాలా ఉంటుంది. కానీ ఆ గ్రూపులో కార్ల్ కోఖ్ అని ఒకడున్నాడు. తెలివైనవాడు, డ్రగ్స్‌కి అలవాటు పడ్డాడు, అప్పుల్లో ఉన్నాడు. తనే వెళ్ళి అధికారులకి అంతా చెప్పేశాడు. 1989 మేలో చనిపోయాడు, అడవిలో కాలిపోయిన శవం దొరికింది. ఆత్మహత్య అని అధికారులు తేల్చారు. వయసు 23. ఈ వీడియో చూస్తున్న మీలో చాలామంది వయసు.

అందుకే ఈ కథ ఎంచుకున్నా. హ్యాకర్ అనే మాట 1950ల చివర్లో ఎమ్ఐటీలో బొమ్మ రైళ్ళ క్లబ్బు కుర్రాళ్ళ నోట పుట్టింది. తెలివిగా, సరదాగా ఏదైనా చేస్తే దాన్ని హ్యాక్ అనేవాళ్ళు. ఆ కుతూహలం స్టోల్‌లో ఉంది, హెస్‌లోనూ ఉంది, కోఖ్‌లోనూ ఉంది. ముగ్గురి దగ్గరా ఓపిక కూడా ఉంది. ఎవరి ఇల్లు, ఎవరి కష్టం అనే ప్రశ్న వేసుకున్నది మాత్రం ఒక్కడే. స్టోల్ బర్కిలీ హిప్పీ టైపు మనిషి, గవర్నమెంటు అంటే పడదు. కానీ ఆ ఏడాది అతనికి ఒకటి అర్థమైంది: నెట్‌వర్క్ నడిచేది వైర్ల మీద కంటే ఎక్కువగా నమ్మకం మీద. ఒకడు ఆ నమ్మకాన్ని తింటే, మిగతా అందరూ తలుపులకి గడియలు పెట్టుకోవాలి.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. టెలిగ్రామ్‌లో "హ్యాకింగ్ నేర్పిస్తాం, రోజుకి ఇంత సంపాదించు" అంటూ మెసేజ్‌లు వస్తున్నాయి. "నీ బ్యాంక్ అకౌంట్ అద్దెకివ్వు, కమీషన్ ఇస్తాం" అంటున్నారు. ఆ అకౌంట్‌లోకి వచ్చేది ఎవరో మోసపోయిన పెద్దాయన డబ్బు, కేసు పడేది మీ పేరు మీద. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగం అని మన కుర్రాళ్ళని కంబోడియా తీసుకెళ్ళి, అక్కడ సైబర్ మోసాలు చేయించారు. కొనేవాడికి మీ తెలివి కావాలి, మీరు అక్కర్లేదు. కోఖ్ కథ అదే చెప్తుంది.

ఇక సలహాలు, తక్కువే. ఒకటి: ఈ రాత్రికే ఇంట్లో వైఫై రూటర్, సీసీ కెమెరా పాస్‌వర్డ్ మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాలు, రూటర్లని ఆక్రమించింది, కంపెనీ ఇచ్చిన డిఫాల్ట్ పాస్‌వర్డ్‌ల చిన్న లిస్టుతోనే. 30 ఏళ్ళ తర్వాత కూడా అదే "గెస్ట్, గెస్ట్" తలుపు! రెండు: వాడని అకౌంట్లు, పాత ఫోన్లలో లాగిన్లు తీసెయ్యండి. మూడు: అప్‌డేట్ వస్తే "రేపు" అని నొక్కకండి. నాలుగు: డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. అయిదోది అన్నిటికంటే ముఖ్యం. స్టేట్‌మెంట్‌లో మీరు చెయ్యని ఒక్క రూపాయి లావాదేవీ కనపడినా "పోనీలే" అనకండి. పెద్ద మొత్తం లాగే ముందు కార్డు పనిచేస్తుందో లేదో చూసుకోడానికి దొంగలు చిన్న మొత్తంతోనే మొదలుపెడతారు.

ల్యాప్‌టాప్ అడిగారుగా. లక్ష రూపాయలది అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్‌ది ఏదైనా తీసుకోండి, లైనక్స్ వేసుకోండి, మీ సొంత మెషీన్ మీదే పగలగొట్టి మళ్ళీ కట్టడం నేర్చుకోండి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, టైము వేసి రాసుకోండి. స్టోల్ గెలిచింది ఆ నోట్‌బుక్‌తోనే. నేనూ ఆ మూడింటి లాగిన్ తర్వాత ఒకటి కొన్నా. నలభై రూపాయలు.

మళ్ళీ వారం కలుద్దాం. ఉంటా మరి.