పెద్దక్షరాలు లేని లిపికి వికీ

1995 మార్చి 25న వార్డ్ కన్నింగ్‌హామ్ తన మొట్టమొదటి వికీని జాలంలో ఉంచినప్పుడు, అందులో రాసే పద్ధతిని వీలైనంత తేలిక చేశాడు. రెండేసి అపాస్ట్రఫీల మధ్య రాసినది వాలుగా, మూడేసింటి మధ్య రాసినది బొద్దుగా కనిపిస్తుంది. మరో పుటకు లంకె వేయాలంటే ప్రత్యేకమైన గుర్తేమీ అక్కరలేదు. రెండు మాటలను ఖాళీ లేకుండా కలిపి, ఒక్కొక్కదాని మొదటి అక్షరాన్ని పెద్దక్షరంగా రాస్తే చాలు. మందులచీటీలో మా వైద్యులు వాడే పొట్టి గుర్తులకు ఇది దగ్గరి చుట్టం, కాకపోతే దీన్ని ఎవరైనా చదవగలరు.

ఆ పొదుపు రోమన్ లిపి ఇచ్చిన సౌకర్యం. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న భేదమే లేదు. నేనుంటున్న ఖతార్‌లో వీధి పలకల మీద ఇంగ్లిష్‌కు తోడుగా కనిపించే అరబ్బీలోనూ లేదు. 2001 జనవరి 15న వికీపీడియా మొదలైనది క్లిఫర్డ్ ఆడమ్స్ రాసిన యూజ్‌మాడ్ వికీ అనే చిన్న పెర్ల్ ప్రోగ్రాము మీద. తొలిరోజుల్లో అక్కడా పెద్దక్షరాల లంకెలే. జంట చదరపు కుండలీకరణాల మధ్య ఏ మాటనైనా లంకెగా రాయగల వీలు ఆ ఏడాదే వచ్చింది. ఇంగ్లిష్‌వారికి అది అందానికి సంబంధించిన మార్పు. మనకు మాత్రం అది లేకపోతే లంకే లేదు.

వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా ఆరంభమైంది. అసలు చిక్కు విభక్తి ప్రత్యయాల దగ్గర వచ్చింది. ఇంగ్లిష్‌లో బహువచనపు ‘ఎస్’ వంటివాటి కోసం, కుండలీకరణం ముగిసిన వెంటనే వచ్చే అక్షరాలను కూడా లంకెలో కలుపుకొనే నియమం ఒకటుంది. కాని ఆ నియమానికి తెలిసిన అక్షరాలు ఏ నుంచి జడ్ వరకే. [[హైదరాబాదు]]లో అని రాస్తే, ఆ నియమం ప్రకారం ‘లో’ లంకెకు బయటే ఉండిపోవాలి. మీడియావికీలో తెలుగుకు కేటాయించిన ఫైలులో తెలుగు అక్షరాల యూనికోడ్ శ్రేణిని పేర్కొన్న ఒకే ఒక్క పంక్తి ఈ లోటు తీర్చింది.

తీర్చింది అన్నానుగాని, సగమే. ‘వైద్యం’ పక్కన ‘లో’ చేరితే ఇబ్బంది లేదు. ‘వైద్యానికి’ అన్నప్పుడు ప్రాతిపదికే మారిపోతుంది. అప్పుడు [[వైద్యం|వైద్యానికి]] అని రెండు రూపాలూ రాయక తప్పదు. మన సంధులకు, ఔపవిభక్తికాలకు ఏ ఒక్క పంక్తీ సరిపోదు. ‘ఖతార్’ సంగతి మరీ విచిత్రం. పక్కన ‘లో’ నేరుగా చేరిస్తే రెండూ కలిసి ‘ఖతార్లో’ అని వత్తు పడుతుంది. వత్తు పడకుండా మధ్యలో ఉంచే కంటికి కనిపించని యూనికోడ్ గుర్తు తెలుగు శ్రేణికి చెందినది కాదు, కనుక నియమం అక్కడే ఆగిపోయి ‘లో’ బయట పడుతుంది. అరబ్బీవారి బాధ వేరు: వారి ఉపసర్గలు మాటకు ముందు అతుక్కుంటాయి. అటువంటి భాషల కోసం లంకె ముందరి అక్షరాలను కలుపుకొనే ఏర్పాటు కూడా మీడియావికీలో ఉంది.

ఇక టైపు చేసేవారి వేళ్ల మాట. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో చదరపు కుండలీకరణం ఉండవలసిన మీట మీద ‘డ’ కూర్చుంది. లంకె వేసిన ప్రతిసారీ ఇంగ్లిష్‌లోకి వెళ్లి, కుండలీకరణం తెరిచి, మళ్లీ తెలుగులోకి రావాలి. మూసేటప్పుడు మరోసారి అదే ప్రయాణం. 2013లో వికీపీడియాలకు విస్తృతంగా అందిన విజువల్ ఎడిటర్ ఈ కుండలీకరణాలను రచయిత కంటికి కనిపించకుండా దాచింది. వాటి వెనకాల ‘వైద్యం’, ‘వైద్యానికి’ ఇప్పటికీ రెండు వేర్వేరు మాటలే.