నిక్ లో పాటలు, పరాయి గొంతులు

1978 చివర్లో ఇంగ్లండ్‌లో ‘అమెరికన్ స్క్వర్మ్’ అనే సింగిల్ రికార్డు విడుదలైంది. పాడింది బ్రిటిష్ గాయకుడు, పాటల రచయిత నిక్ లో. వెనకవైపు పాటకు ‘నిక్ లో అండ్ హిజ్ సౌండ్’ అని పేరు వేశారు గానీ, ఆ గొంతు ఎల్విస్ కాస్టెల్లోది, వాయిద్యాలు అతని బృందం అట్రాక్షన్స్‌వి. పాట ‘వాట్స్ సో ఫన్నీ బౌట్ పీస్, లవ్ అండ్ అండర్‌స్టాండింగ్’. నిక్ రాసి, 1974లో తన బృందం బ్రిన్స్‌లీ ష్వార్జ్‌తో రికార్డు చేస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1979లో కాస్టెల్లో ‘ఆర్మ్‌డ్ ఫోర్సెస్’ ఆల్బమ్ అమెరికా ప్రతిలో చేరాక అదే పాట అతనిదైపోయింది. రాసినవారిని వదిలేసి ఘంటసాల పాట అనేసే మనకు ఇదేమీ వింత కాదు.

ఇది గౌరవమా, కబ్జానా? గౌరవమే అంటాను. బ్రిన్స్‌లీ ష్వార్జ్ పాడినప్పుడు అందులో కొంత వెటకారం ఉంది. హిప్పీల కాలం చెల్లిపోయాక కూడా ప్రేమ, శాంతి అని తిరిగే ఒక అమాయకుడి గోడు అది. కాస్టెల్లో పళ్లు బిగించి, డ్రమ్ముల హోరులో, ఊపిరి సలపని వేగంతో పాడేసరికి వెటకారం ఎగిరిపోయి ప్రశ్న మాత్రం మిగిలింది. పాటలో ఆ కోపం ముందునుంచీ ఉందని రాసినవాడికంటే పాడినవాడే గట్టిగా చూపించాడు. పైగా ఆ రికార్డింగుకు ప్రొడ్యూసర్ నిక్కే.

అసలు అతని పనిలో సగం ఇలా ఇతరుల పేర్ల వెనకే ఉండిపోయింది. బ్రిటిష్ పంక్‌లో తొలి సింగిల్‌గా చెప్పుకునే డామ్‌డ్ బృందం ‘న్యూ రోజ్’, 1976లో అతని చేతిమీదుగానే తయారైంది. కాస్టెల్లో మొదటి ఐదు ఆల్బమ్‌లకూ అతనే ప్రొడ్యూసర్. వాటిలో మొదటిది లండన్ ఇజ్లింగ్టన్‌లో, పాత్‌వే అనే ఇరుకు స్టూడియోలో ఎనిమిది ట్రాకుల మీద చేసినది. ముందు దంచి పారేద్దాం, నగిషీలు తర్వాత చూసుకుందాం అనే ధోరణి వల్లే ‘బాషర్’ అన్న మారుపేరు వచ్చింది. ‘క్రూయెల్ టు బి కైండ్’ 1979లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ 12వ స్థానం దాకా వెళ్లింది కదా, గుర్తింపు రానివాడెలా అవుతాడని అడగొచ్చు. వచ్చింది, కానీ ఆ ఒక్క పాటకే. మిగతా పాటల సత్తా తెలిసినవాళ్లు ఎక్కువగా తోటి సంగీతకారులే.

అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్ సంగతే తీసుకోండి. నిక్ కొంతకాలం ఆయన సవతి కూతురు కార్లీన్ కార్టర్ భర్త. మామగారి కోసం మొదలుపెట్టిన ‘ది బీస్ట్ ఇన్ మీ’ పూర్తవడానికి పదేళ్లు దాటింది. కనిపించినప్పుడల్లా పాట ఏమైందని ఆయన అడుగుతూనే ఉన్నారట. చివరికి 1994లో ‘అమెరికన్ రికార్డింగ్స్’ ఆల్బమ్‌లో ఒక్క గిటారుతో పాడారు. అదే ఏడాది నిక్ తనూ పాడాడు, చక్కగా పాడాడు. కానీ మత్తుమందులతో ఏళ్ల తరబడి పోరాడిన ముసలి గొంతులోంచి వస్తే, లోపలి మృగం గురించి రాసిన పాట ఒప్పుకోలులా వినిపిస్తుంది. కుర్ర చేయి మొదలుపెట్టినదాన్ని ఆ ముసలి గొంతు పూర్తి చేసింది.

పేరు పోయాక గౌరవం ఎవరికి కావాలి అంటారా? పేరు పోయినా హక్కు పోలేదు. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమా ఆల్బమ్‌లో కర్టిస్ స్టైగర్స్ అదే ‘పీస్, లవ్’ పాట పాడాడు. ఆ ఆల్బమ్ ప్రపంచమంతటా 4 కోట్ల కాపీలకు పైగా అమ్ముడైందని లెక్క. అందులో ప్రధాన గాయని విట్నీ హ్యూస్టన్ కోసం కొన్న ప్రతివాళ్లూ తెలియకుండానే నిక్‌కు వాటా చెల్లించారన్నమాట. స్టైగర్స్ పాటలో విశేషమేమీ లేదని నా అభిప్రాయం. అయినా ఆ డబ్బుతోనే నిక్ హిట్ల కోసం పరుగెత్తకుండా, బృందాన్ని పెట్టుకుని ‘ది ఇంపాసిబుల్ బర్డ్’ లాంటి నెమ్మదైన, నిండైన ఆల్బమ్‌లు చేసుకోగలిగాడు.

నిక్ పాటలతో ప్రత్యేకంగా నివాళి ఆల్బమ్‌లూ వచ్చాయి. వాటిలో చాలావరకు మర్యాద పాలు ఎక్కువ, తెగింపు తక్కువ. 2017లో లాస్ స్ట్రెయిట్‌జాకెట్స్ చేసినది మాత్రం వేరు. మెక్సికన్ మల్లయోధుల ముసుగులు తొడుక్కుని వాయించే ఈ అమెరికన్ బృందం నిక్ పాటల్లోంచి మాటలన్నీ తీసేసి గిటార్లకే అప్పగించింది. మాటల రచయితకు మాటల్లేని సన్మానమేమిటని నవ్వొచ్చు. విని చూస్తే ఆ బాణీలు మాటల ఊతం లేకుండానే నిలబడతాయి. ఆ ముసుగులవాళ్లు అప్పటికే అతని వెనక వేదికలెక్కుతున్నారు. 2024లో వచ్చిన ‘ఇండోర్ సఫారీ’లోనూ వాయించింది వాళ్లే, పాడింది మాత్రం నిక్.