గుంట ఎవరిది?

బండి వాడు గుంటలో పడితే మనం ముందు అనే మాట "చూసుకుని నడపొద్దూ?" అనే. ఈ ధోరణికి పెద్ద చరిత్రే ఉందండోయ్.

1788లో ఇంగ్లండులో రస్సెల్ అనే ఆయన, పాడైన వంతెన వల్ల తన బండికి నష్టం జరిగిందని డెవన్ కౌంటీ జనం మీద దావా వేశాడు. చెల్లదు పొమ్మంది కోర్టు. రోడ్డు చెడగొడితే తప్పు గానీ, బాగుచెయ్యకుండా కూర్చుంటే తప్పు కాదన్న సూత్రం అలా బలపడింది. చివరికి వాళ్ళే 1961లో చట్టం చేసి దాన్ని వదిలించుకున్నారు.

మరి మన సంగతి? 2013 నుంచి 2017 దాకా గుంటల వల్ల దేశంలో 14,926 మంది పోయారు. ఇది సహించరానిదని 2018లో సుప్రీం కోర్టు అంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ చేర్చారు. రోడ్డు ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోతే కాంట్రాక్టరుకో, సంబంధిత సంస్థకో లక్ష రూపాయల దాకా జరిమానా.

బాగానే ఉంది, కానీ వెయ్యాల్సింది ఎవరికి? లింగాల నుంచి హైదరాబాదుకి బండి మీద వస్తే పంచాయతీరాజ్, ఆర్ అండ్ బీ, జాతీయ రహదారి, మునిసిపాలిటీ... దారి పొడుగునా యజమానులు మారుతూనే ఉంటారు. మన భాషలో చెప్పాలంటే, బగ్ ఉంది, ఎవరి పేరు మీదా అసైన్ కాలేదు.

హైదరాబాదులో రిటైర్డ్ రైల్వే ఇంజనీరు గంగాధర్ తిలక్ గారు 2010 నుంచి గుంటలు తానే పూడుస్తూ వచ్చారు. ఆయనకి దండం పెట్టాల్సిందే. కానీ ఆయన పూడ్చిన ప్రతి గుంటా ఇంకెవరో జీతం తీసుకుని చెయ్యని పని కదా!

ప్రతి రోడ్డు పక్కనా ఇది ఎవరిదో, ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పే బోర్డు ఒకటి పెడితే చాలు. మిగతాది చట్టం చూసుకుంటుంది. ఏమంటారు?