కరెంటు పోయినా మన కాగితం పోకూడదు: తిత్లీ నేర్పిన పాఠం

ఈసారి పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి, హాస్టల్లో ఉన్న పిల్లలకు కూడా చదివి వినిపించండి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, మధ్యమధ్యలో 165 దాకా విసిరింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి వైపు ఉద్దానం కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. మెళియాపుట్టి, మందస కొండ ఊళ్లకు వాన, గెడ్డల పొంగు. సరిహద్దు అవతల గజపతి జిల్లాలో కొండచరియ విరిగిపడి గిరిజనులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇవన్నీ మనకు తెలుసు. చెట్ల లెక్క, ఇళ్ల లెక్క అప్పుడే చాలామంది రాశారు.

మనం తక్కువగా మాట్లాడుకున్నది ఇంకొకటుంది. ఆ గాలికి వేలాది కరెంటు స్తంభాలు నేలకొరిగాయి, ట్రాన్స్‌ఫార్మర్లు పడిపోయాయి. జిల్లాలో ఊళ్లకు ఊళ్లే చీకట్లో ఉండిపోయాయి. వేరే జిల్లాల నుంచి సిబ్బంది వచ్చి పనిచేసినా లోపలి ఊళ్లకు కరెంటు రావడానికి రోజుల తరబడి పట్టింది. “కరెంటు ఎప్పుడొస్తాదిరా?” అన్న మాటే ఏ ఊళ్లో చూసినా. తాగునీటి మోటార్లకు జనరేటర్లు పెట్టాల్సి వచ్చింది. మరి కంప్యూటర్లో ఉన్న మన బతుకు కాగితాల మాటేమిటి? ఈ పోస్టు దాని గురించే.

అక్టోబరు మనకు కొత్త కాదు

ముందు ఈ వరస చూడండి. 1999 అక్టోబరులో రెండు వారాల తేడాతో ఒడిశా తీరాన్ని రెండు పెద్ద తుఫానులు కొట్టాయి. రెండోది, అక్టోబరు 29న వచ్చినది, సూపర్ సైక్లోను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట కూడా దెబ్బతిన్నాయి. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది. అంత పెద్ద నగరంలో కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ఆ తర్వాతే విశాఖలో తీగల్ని భూమి లోపల వేసే పని మొదలుపెట్టారు. 2018లో తిత్లీ, అదీ అక్టోబరే.

విశాఖలో తీగలు భూమిలోకి వెళ్లాయి గానీ మన ఊళ్లలో ఇంకా స్తంభాల మీదే ఉన్నాయి. కొండ మీది ఊరికి ఒకటే లైను, ఆ లైను తోటల్లోంచి, వాగుల మీదుగా వస్తుంది. ఒక చెట్టు పడితే చాలు. కాబట్టి కరెంటు పోవడం మనకు ఎప్పుడో జరిగే వింత కాదు. వానాకాలం ఎలా వస్తుందో అదీ అలాగే వస్తుంది. దానికి తయారుగా ఉండటం మన పని.

కాగితం కంప్యూటర్లోకి ఎలా పోయింది

మన తాతల కాలంలో భూమి సంగతి కరణం దగ్గర కాగితాల్లో ఉండేది. ఆ కాగితాల్లో మనకు ఎంత అన్యాయం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. కానీ అవి చదవడానికి కరెంటు అక్కర్లేదు, దీపం చాలు.

1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్ని కంప్యూటర్ల మీదికి మార్చే ‘కార్డ్’ పథకం మొదలైంది. 2011 నవంబరులో మీసేవ వచ్చింది. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, అడంగల్ అన్నీ మెల్లగా అక్కడికి చేరాయి. 2015లో మీభూమి వచ్చింది. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఈ మధ్యలోనే 2006 అటవీ హక్కుల చట్టం కింద మన పోడు భూములకు పట్టాలు ఇవ్వడం మొదలైంది. స్కాలర్‌షిప్పు దరఖాస్తు, కాలేజీ అడ్మిషను, పరీక్ష ఫీజు ఇప్పుడు అన్నీ ఆన్‌లైనే.

ఇందులో మంచి లేకపోలేదు. ఒకప్పుడు ఎస్టీ సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగేవాళ్లమో పెద్దల్ని అడగండి. కానీ కాగితం కంప్యూటర్లోకి పోయిన రోజు నుంచి మన హక్కు కరెంటు తీగకు కూడా వేలాడుతోంది. తుఫాను తర్వాత పంట నష్టం రాసేటప్పుడు ఏం అడుగుతారు? ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, పట్టా. కాగితం చేతిలో ఉన్నవాడి చెట్టు తొందరగా లెక్కలోకి ఎక్కుతుంది. “పట్టా కాపీ ఎక్కడో కంప్యూటర్లో ఉందండీ, కరెంటు లేదు” అన్నవాడు తిరగాల్సిందే. కాగితం బాగా కావాల్సిన రోజూ, కరెంటు ఉండని రోజూ ఒకటే. మన ఊళ్లకు అసలు కష్టం ఇక్కడే.

ఇంకో సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. మందస, మెళియాపుట్టి శ్రీకాకుళంలోనే ఉన్నాయి. మన ఐటీడీఏ ఒక జిల్లాలో, మన కలెక్టరాఫీసు ఇంకో జిల్లాలో. ఇలాంటప్పుడు సొంత కాపీ దగ్గరుంచుకోవడం మరీ అవసరం.

కంప్యూటర్ ఎందుకు మర్చిపోతుంది

సైన్సు గ్రూపు పిల్లలకు ఇది నచ్చుతుంది. మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటి ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లోని టిఫ్రాక్. 1960లో పనికి వచ్చింది. దాని జ్ఞాపకం చిన్న చిన్న ఫెరైట్ ఉంగరాల్లో ఉండేది. ఉంగరం ఏ వైపు అయస్కాంతం అయితే ఆ వైపే ఉండిపోతుంది. కరెంటు పోయినా ఆ ఉంగరం మర్చిపోదు.

1970లో ఇంటెల్ కంపెనీ 1103 అనే చిప్ అమ్మకానికి తెచ్చింది. ఇందులో ప్రతి అక్షరం ముక్క చిన్న విద్యుత్ ఛార్జీ రూపంలో ఉంటుంది. చిల్లుకుండలో నీళ్లలాగా ఆ ఛార్జీ కారిపోతూ ఉంటుంది, కంప్యూటర్ సెకనులో చాలాసార్లు మళ్లీ నింపుతూ ఉంటుంది. చవక, చిన్నది, వేగం ఎక్కువ. అందుకే ప్రపంచమంతా అదే వాడింది. ఇప్పటి కంప్యూటర్ల ర్యామ్ కూడా ఆ జాతిదే. కరెంటు ఆగితే నింపేవాడు ఉండడు, కుండ ఖాళీ అయిపోతుంది. మనం టైపు చేసి సేవ్ చెయ్యనిదంతా ఆ కుండలోనే ఉంటుంది.

ఇది మొదటి నష్టం. రెండోది, సేవ్ అవుతుండగా సగంలో కరెంటు పోవడం. ఫైలు సగం రాసి సగం రాయకుండా మిగిలి, తర్వాత తెరుచుకోదు. ఇప్పటి విండోస్, లినక్స్ ముందుగా ఏం రాయబోతున్నాయో ఒక చిట్టా రాసుకుని ఆ తర్వాత రాస్తాయి, అందుకని డిస్కు మొత్తం పాడవడం తగ్గింది. కానీ ఆ ఫైలుకు మాత్రం పూర్తి భరోసా లేదు.

మూడో నష్టాన్ని మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోరు. కరెంటు పోయినప్పటి కంటే వచ్చినప్పుడే కొన్నిసార్లు ప్రమాదం ఎక్కువ. 2017 మే 27న లండన్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగిపోయి సుమారు 75 వేల మంది ఇరుక్కుపోయారు. వాళ్ల డేటా సెంటర్‌లో కరెంటు పోయి, పద్ధతి లేకుండా ఒక్కసారిగా తిరిగి రావడంతో యంత్రాలు దెబ్బతిన్నాయని కంపెనీయే చెప్పింది. అంత డబ్బున్న కంపెనీ గతే అది. తుఫాను తర్వాత కొత్తగా బిగించిన లైనులో వోల్టేజీ ఎగిరి దిగే మన ఊరి సంగతి చెప్పాలా?

కొందరు “ఇప్పుడు దేశమంతా ఒకటే గ్రిడ్ కదా, కరెంటు ఎందుకు పోతుంది” అంటారు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి 60 కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతం చీకటైంది. అప్పటికి దక్షిణాది గ్రిడ్ విడిగా ఉండబట్టి మనకు ఆ దెబ్బ తగల్లేదు. 2013 డిసెంబరు 31న మనదీ దానితో కలిసింది. కలవడం వల్ల కరెంటు ఇచ్చిపుచ్చుకోవడం సులువైంది, నిజమే. కానీ తిత్లీ రోజున మన ఊరి స్తంభమే నేల మీద ఉంది. దేశంలో ఎంత కరెంటు ఉన్నా ఆ స్తంభం లేవకపోతే మనకు లేనట్టే.

మనం చేయగలిగింది

యూత్ ఆఫీసులో గానీ, హాస్టల్లో గానీ, ఇంట్లో గానీ డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంటే యూపీఎస్ ఉండాలి. దాని మీద గంటలు పని చేద్దామనుకోకండి. మామూలు చిన్న యూపీఎస్ పది, పదిహేను నిమిషాలు లాగుతుంది. అది సేవ్ చేసి, పద్ధతిగా ఆపడానికి ఇచ్చిన గడువు. లేజర్ ప్రింటర్, జిరాక్స్ మిషను దానికి పెట్టొద్దు, అవి లాగే కరెంటును అది మోయలేదు. బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది, మన తీరం వేడికి ఇంకా తొందరగా. నెలకోసారి ప్లగ్గు తీసి ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూడండి. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిపేవాళ్లు దాని వెనక ‘యూపీఎస్ మోడ్’ బటన్ ఉందేమో చూసుకోండి. లేకపోతే మారే ఆ క్షణంలోనే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది.

తుఫాను హెచ్చరిక రాగానే అన్నీ ఆపి ప్లగ్గులు పీకెయ్యండి, నెట్ తీగ కూడా. ఫోన్లు, పవర్ బ్యాంకులు నిండా చార్జింగ్ పెట్టుకోండి. కరెంటు వచ్చాక ఫ్యాను, లైటు పదిహేను నిమిషాలు నిలకడగా ఉంటేనే కంప్యూటర్ పెట్టండి.

కాపీల విషయంలో ప్రపంచమంతా చెప్పే లెక్క ఒకటుంది: మూడు, రెండు, ఒకటి. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్లో. మందసలో ఒక పెన్‌డ్రైవ్, పక్క వీధిలో ఇంకో పెన్‌డ్రైవ్ ఉంటే రెండింటినీ ఒకే తుఫాను తీసుకుపోతుంది. ఒకటి విశాఖలోనో హైదరాబాద్‌లోనో చదువుతున్న అన్న దగ్గర ఉండాలి, లేదా ఆన్‌లైన్‌లో ఉండాలి. 2015లో వచ్చిన డిజిలాకర్‌లో సర్టిఫికెట్లు పెట్టుకోవచ్చు. కానీ టవర్లు పడిపోయిన రోజు అదీ తెరుచుకోదు. అందుకని అమ్మ ట్రంకుపెట్టెలో, గట్టి ప్లాస్టిక్ కవర్లో, పట్టా జిరాక్సు, ఎస్టీ సర్టిఫికెట్, పాసుపుస్తకం మొదటి పేజీ ఉండాల్సిందే. పెన్‌డ్రైవ్‌ను ఏళ్ల తరబడి పెట్టెలో వదిలేస్తే అదీ మెల్లగా మర్చిపోతుంది. ఏడాదికోసారి తెరిచి చూడండి.

పుస్తకం మిగిలింది, గొంతు మిగులుతుందా

చివరగా మన భాష సంగతి. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి సవరల దగ్గరే సవర భాష నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. అవి ఇవాళ్టికీ ఎందుకున్నాయి? అచ్చై చాలా చోట్లకు వెళ్లాయి గనుక. ఒక చోట చెద తిన్నా ఇంకో చోట నిలిచింది. 1936లో మంగెయి గొమాంగో సవరకు సోరాంగ్ సోంపెంగ్ లిపి తయారుచేశారు. 2012లో ఆ అక్షరాలు యూనికోడ్‌లోకి చేరాయి, అంటే ఫోనూ కంప్యూటరూ గుర్తించే అక్షరాల్లో మనవీ ఉన్నాయి.

ఆ పుస్తకాలకు మాటలు చెప్పిన సవర పెద్దల గొంతులు మాత్రం మన దగ్గర లేవు. ఇప్పుడు మన చేతిలో ఫోను ఉంది. తాత చెప్పే కథ, అవ్వ పాడే పాట, పోడు గట్ల పేర్లు, కొండల పేర్లు మనలో చాలామంది రికార్డు చేశారు. అది ఒకే ఫోనులో ఉంటే, ఆ ఫోను నీళ్లలో పడితే, తాత లేడు, పాటా లేదు. సర్టిఫికెట్‌ను మీసేవ మళ్లీ ఇస్తుంది. ఆ పాటను ఎవరూ మళ్లీ ఇవ్వలేరు.

కాబట్టి ఒక మాట అనుకుందాం. ఏటా సెప్టెంబరు నెలాఖరులోగా, తుఫానుల నెల రాకముందే, ఊరికి ఇద్దరు చొప్పున కూర్చుని మూడు పనులు చేద్దాం: ఇంటింటి కాగితాలు ఫొటో తీసి వాళ్లకే ఒక కాపీ ఇవ్వడం, పెద్దల రికార్డింగులు రెండు చోట్ల పెట్టడం, యూపీఎస్ బ్యాటరీ చూడటం. ఇతరుల కాగితాలు వాళ్లను అడిగే తియ్యాలి, గ్రూపులో పెట్టకూడదు, అది గుర్తుంచుకోండి. మీ ఊరికి ఎవరు ముందుకొస్తారో పేరు చెప్పండి. తిత్లీ అప్పుడు మీ ఊళ్లో ఎన్నాళ్లకు కరెంటు వచ్చిందో కూడా పెద్దల్ని అడిగి రాయండి. అదీ మన చరిత్రే, మనమే రాసుకుందాం.