ఉత్తరానికి కట్టిన మూట



శ్రీనివాసపురం తాలూకా రాయల్పాడు వైపు వారికి రెండు భాషలతో బతకడం కొత్త కాదు. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. కాగితం చూడగానే ఏ లిపో కంటికి తెలిసిపోతుంది. కంప్యూటరుకు అలా తెలియదు, దానికి చెప్పాలి. ఉద్యోగానికి పంపిన మార్కుల పట్టీ అవతల తెరుచుకోకపోతే గడువు ఆగదు కదా! అందుకే ఈ-మెయిలుకు జతచేసే కాగితాల కథ ఈనాడు మీకు మనవి చేస్తాను.

1971లో అమెరికాలో రే టాంలిన్సన్ ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు ఉత్తరం పంపాడు. ఆనాటి ఉత్తరాలు ఇంగ్లీషు అక్షరాలకే పరిమితం. ఆస్కీ అనే పద్ధతిలో ఒక్కో అక్షరానికి ఏడు బిట్లు, మొత్తం 128 గుర్తులు. బొమ్మకూ పాటకూ ఎనిమిది బిట్లు కావాలి. దారిలోని కొన్ని యంత్రాలు ఎనిమిదో బిట్టును తీసి పారేసేవి. ఇక బొమ్మ చేరినా ఏం లాభం?

ఈ ఇరుకు తెలుగువారికీ తగిలింది. అమెరికాలోని తెలుగువారు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో అలాంటి రాతను తెలుగు లిపిలోకి మార్చే సాధనం తయారైంది. ఆ రాతకే ఆర్.టి.ఎస్. అని పేరు.

బొమ్మల్ని అక్షరాలుగా మార్చి పంపే ఉపాయాలు లేకపోలేదు. 1980లో మేరీ ఆన్ హోర్టన్ యుయుఎన్‌కోడ్ చేశారు. మెకింటాష్ వారిది బిన్‌హెక్స్. ఎవరి ముడి వారిది. ఆ ముడి విప్పడం తెలియని యంత్రంలో పుటలకొద్దీ పిచ్చిగీతలే కనిపించేవి.

1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే ఒప్పందాన్ని ప్రకటించారు. ఆ ఏడు మార్చి 11న బోరెన్‌స్టైన్ తన పాటల బృందం ఫొటోనూ, వారు పాడిన పాటనూ ఉత్తరానికి జతచేసి పంపాడు. ఇందులోని కిటుకు మనకు తెలిసినదే. మామిడికాయల లారీ బయలుదేరితే సరుకేమిటో చీటీ రాసి ఇస్తాం కదా. అలాగే ప్రతి మూట మీదా ఇది ఫొటో, ఇది పాట, ఇది ఫలానా పద్ధతిలో కట్టినది అని చీటీ ఉంటుంది. మూటకూ మూటకూ మధ్య గట్టు లాంటి ఒక గీత ఉంటుంది. దాన్ని సరిహద్దు అనే అన్నారు!

మూట కట్టే పద్ధతుల్లో ముఖ్యమైనది బేస్ 64. మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా మారుస్తుంది. అందువల్ల సరుకు మూడో వంతు పెరుగుతుంది. 25 మెగాబైట్ల హద్దు ఉన్నచోట 24 మెగాబైట్ల వీడియో ఎందుకు వెళ్లదో ఇప్పుడు తెలిసింది కదా.

మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ అందించింది. చవక ఖాతాల్లో అక్షరాలే తప్ప బొమ్మలు కనిపించేవి కావు. యుడోరా లాంటి ప్రోగ్రాముల్లో జోడింపును ఏ పద్ధతిలో కట్టాలో మనమే ఎంచుకోవాల్సి వచ్చేది. అవతలివారి దగ్గర ఏ యంత్రం ఉందో తెలియకపోతే మైమ్ ఎంచుకోవడమే క్షేమంగా ఉండేది.

ఇప్పుడు ఆ పని చాలావరకు ప్రోగ్రామే చేసుకుంటుంది. అయినా మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి: ఔట్‌లుక్ నుంచి పంపినది అవతల విన్‌మెయిల్ డాట్ డ్యాట్ అనే పేరుతో చేరితే, రిచ్ టెక్స్ట్ మాని హెచ్‌టిఎంఎల్ గానీ ప్లెయిన్ టెక్స్ట్ గానీ ఎంచుకోండి. రెండు: అక్షరాల పద్ధతిని అడిగితే యూనికోడ్ యుటిఎఫ్ 8 పెట్టండి. యూనికోడ్‌లో తెలుగు గళ్ల పక్కనే కన్నడ గళ్లు. ఇరుగుపొరుగు ఇళ్లు, తలుపులు వేరు. ఒకే ఉత్తరంలో రెండూ కలగాపులగం కాకుండా చేరతాయి. మూడు: ముఖ్యమైన కాగితమైతే ముందు మీకు మీరే పంపుకొని, మరో యంత్రంలో తెరిచి చూడండి.

మూట కట్టడం మన చేతిలో పనే. విప్పేవాడు దూరాన ఉన్నాడు. చీటీ సరిగ్గా ఉంటే అతనికి మనల్ని అడగవలసిన పని ఉండదు.

సెలవు.