రాఘవ వద్దన్న గొంతు

అనంతపురం సీమలో వాన మొహం చాటేసిన ఏడు ఊళ్లో విరాటపర్వం పెట్టిస్తారు. కొన్నిచోట్ల గుడి అరుగు మీద పురాణం చదివిస్తారు, మరికొన్నిచోట్ల రాత్రంతా తోలుబొమ్మలు ఆడిస్తారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే వాన ఇక్కడిది. జైసల్మేరు తర్వాత దేశంలో ఇంత తక్కువ వాన చూసే జిల్లా ఇదేనని పేరుపడింది కూడా. ఉత్తర గోగ్రహణం కథ వినిపిస్తే మబ్బు కరుగుతుందన్నది తాతల నాటి నమ్మకం. ఆ కథకు నడిమధ్యలో ఉండేది బృహన్నల. గాండీవాన్ని జమ్మిచెట్టు మీద దాచి, జడ వేసుకుని, గాజులు తొడుక్కుని, విరటుడి కూతురికి ఆటా పాటా నేర్పే అర్జునుడు.

ఆ పాట ఏ గొంతుతో నేర్పి ఉంటాడు? ధర్మవరం పక్కన నిమ్మలకుంటలోని బొమ్మలాట కుటుంబాల్లో ఆడబొమ్మకు ఆడమనిషే గొంతునిస్తుంది. తెర వెనక ఇంటిల్లిపాదీ ఉంటారు కాబట్టి అక్కడ ఎవరికీ చిక్కు రాలేదు. చిక్కల్లా తెర ముందు నిలబడి ఆడే నాటకంలో వచ్చింది. చంద్రమతి ఏడవాలి, సత్యభామ అలగాలి, చింతామణి కవ్వించాలి. మైకు లేదు. పందిట్లో చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా పద్యం అందాలి. ఆ పాత్రలు కట్టినవాళ్లంతా మగవాళ్లు.

తెలుగు నాటకానికి ఈ మెట్ట నేలతో ఉన్న చుట్టరికం చాలామంది మరిచిపోయారు. 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్లారి మైసూరు వైపు వెళ్లిపోయింది గానీ, అంతకుముందు డెబ్బై ఏళ్లపాటు సీమ తెలుగు రంగస్థలానికి అదే రాజధాని. ధర్మవరంలో 1853లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలుగా స్థిరపడి, సరస వినోదినీ సభ పెట్టి, చిత్రనళీయం మొదలుకొని వరసగా నాటకాలు రాసి ఆడించాడు. తెలుగు నాటకంలోకి పాటను తెచ్చినవాడిగా ఆయనకు పేరు. లోకం ఆయన్ను ఆంధ్ర నాటక పితామహుడంది. ఆయన మేనల్లుడే తాడిపత్రిలో 1880 ఆగస్టు 2న పుట్టిన రాఘవాచార్యులు, మనమందరం ఎరిగిన బళ్లారి రాఘవ.

మామ నాటకంలోకి పాట తెచ్చాడు. మేనల్లుడు ఆ పాట మితిమీరిందన్నాడు. ఒక పద్యానికి నాలుగు రాగాలు తిప్పి, వన్స్‌మోర్ కోసం సన్నివేశాన్ని నిలబెట్టి, చచ్చిపడ్డ పాత్రను లేపి మళ్లీ పాడించే పద్ధతి ఆయనకు గిట్టలేదు. మాటకు, చూపుకు, మౌనానికి విలువ ఇవ్వమన్నాడు. ఇంకో అడుగు ముందుకు వేసి, ఆడపాత్రను ఆడమనిషే ధరించాలని పట్టుబట్టాడు. ఒప్పించడం తేలిక కాని రోజుల్లో కొమ్మూరి పద్మావతీదేవి, కాకినాడ అన్నపూర్ణ వంటివారిని తన సరసన నిలబెట్టి ఆడాడు. షేక్‌స్పియర్ నాటకాల్లో పండిన నటుడు కదా, ఇంగ్లండ్‌లో ఇదే గొడవ ఎలా తెగిందో ఆయనకు తెలియకుండా ఉండదు. అక్కడ షేక్‌స్పియర్ బతికి ఉండగా జూలియెట్‌ను, డెస్డిమోనాను కట్టింది గొంతు ముదరని కుర్రాళ్లే. 1660 డిసెంబరులో లండన్‌లో ఒథెల్లో ఆడినప్పుడు డెస్డిమోనాగా ఒక స్త్రీ రంగం మీదికి వచ్చింది. రెండేళ్లకు రాజు రెండో చార్లెస్ ఇచ్చిన అనుమతిపత్రంతో అది చట్టబద్ధమైంది.

అయితే ఇంగ్లండ్‌లో నాటకం ఒక దారి పట్టింది, గుడి మరో దారి పట్టింది. రంగస్థలం మీదికి స్త్రీలు వచ్చిన తర్వాత కూడా పెద్ద చర్చిల గాయక బృందాల్లో వాళ్లకు చోటు దొరకలేదు. పై స్వరాలు చిన్నపిల్లలు పాడేవాళ్లు, వాళ్ల కింది వరసను ఎదిగిన మగవాళ్లు సన్నని పైగొంతుతో పాడేవాళ్లు. స్వరతంత్రులు పూర్తిగా కలుసుకోకుండా అంచులు మాత్రమే కదిలేటట్టు పాడితే వచ్చే గొంతు అది. మన సంగీతం మేష్టర్లు దొంగగొంతని కసిరేది దాన్నే. అక్కడ దాన్ని సాధన చేసి, నిలబెట్టి, కౌంటర్‌టెనర్ అని ఒక హోదా ఇచ్చారు.

ఆ గొంతుకు అందరికంటే అందంగా పాటలు కట్టినవాడు హెన్రీ పర్సెల్. 1659లో పుట్టి 36 ఏళ్లకే 1695లో పోయాడు. పోవడానికి ఏడాది ముందు, 1694లో, రాణి మేరీ పుట్టినరోజుకు ఒక పెద్ద గానప్రబంధం రాశాడు. అందులో బాకాలు ఊదండని పిలిచే యుగళగీతం ఒకటుంది. పాడేవాళ్లిద్దరూ మగవాళ్లు, ఇద్దరివీ పైగొంతులే. కింద మంద్రంలో ఒక చిన్న స్వరవరస మొదటి నుంచి చివరి దాకా తిరిగి తిరిగి వస్తుంది. దాని మీద ఒక గొంతు ఒక పలుకు విసురుతుంది, రెండోది అందుకుని కాస్త మార్చి తిప్పికొడుతుంది. కాసేపటికి రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఎగబాకుతాయి. మనకు జంట గాత్ర కచేరీలో కల్పనస్వరాలు వేడెక్కినప్పుడు కలిగే ఉత్సాహమే ఇక్కడా కలుగుతుంది. విశేషం ఏమిటంటే, ఆ పాట సాగినంతసేపూ బాకా మోగదు. ఊదమని పిలుస్తున్న ఆ రెండు కంఠాలే బాకాల పని చేస్తాయి.

పర్సెల్ పోయాక లండన్‌కు హాండెల్ అనే స్వరకర్త వచ్చాడు. ఇటలీ నుంచి సెనెసీనో వంటి గాయకులను రప్పించి 1724లో జూలియస్ సీజర్ అనే ఒపెరా ఆడించాడు. సీజరంతటి వీరుడి పాత్ర కూడా పైస్థాయిలోనే ఉంటుంది. దాన్ని పాడిన సెనెసీనో చిన్నతనంలోనే శస్త్రచికిత్సతో గొంతు ముదరకుండా ఆపేసిన మనిషి. పిల్లల మీద జరిగిన ఆ ఘోరాన్ని ఏ సంగీతమూ కడిగేయలేదు. ఆ ఆచారం పోయాక ఆ పాత్రలకు గాయకులు లేకుండా పోయారు. 20వ శతాబ్దం మొదట్లో హాండెల్‌ను మళ్లీ పైకి తీసినప్పుడు సీజర్ పాటలను కింది స్థాయికి దించి బరువైన మగగొంతులతో పాడించారు.

ఇక్కడే గ్రామఫోను అడుగుపెట్టింది. 1902 ఏప్రిల్‌లో ఫ్రెడ్ గైస్‌బెర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు ఇటలీలో ఉన్నాడు. మిలాన్‌లో కరూసో పాటలు పట్టాడు. అదే పర్యటనలో రోములో, పోపు గాయక బృందంలోని అలెస్సాండ్రో మొరెస్కి గొంతును కూడా గైస్‌బెర్గ్ కంపెనీ పట్టింది. సెనెసీనో తెగకు చెందిన గాయకుల్లో ఒంటరిగా పాడగా రికార్డయినవాడు మొరెస్కి ఒక్కడే. ఆ ఏడాది చివర్లో అదే గైస్‌బెర్గ్ ఓడ దిగి కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు తీసుకున్నాడు. ఐరోపాలో కనుమరుగవుతున్న గొంతునూ, భారతదేశంలో రికార్డుకెక్కిన తొలితరం గొంతునూ ఒకే కంపెనీ ఒకే ఏడాది పట్టిందన్న సంగతి మన సంగీత చరిత్రల్లో ఇంకా చోటు చేసుకోవలసి ఉంది.

కుక్కబొమ్మ రికార్డు తెలుగు ఇళ్లలోకి వచ్చాక మన నాటక పద్యం పల్లెపల్లెకూ వెళ్లింది. నాటకం ఆడటానికి బృందం రావాలి, పందిరి వెయ్యాలి, దీపాలు కావాలి. రికార్డుకు ఒక సూదీ, తాళం తిప్పే చెయ్యీ చాలు. కాకపోతే 78 తిప్పల పళ్లెంలో ఒక పక్క పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. పావుగంట సాగే రాగాలాపన మూడు నిమిషాలకు కుదించుకోవలసి వచ్చింది. రాఘవ ఎంత మొత్తుకున్నా వినని గాయక నటులు లక్క పళ్లెం ముందు మాత్రం బుద్ధిగా ముగించారు.

ఆ రికార్డుల్లో ప్రత్యేకంగా నిలబడేది స్థానం నరసింహారావు గొంతు. 1902లో బాపట్లలో పుట్టాడు. 1920లో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషగాడు రాకపోతే ఆ చీర తనే కట్టి రంగమెక్కాడు. తెనాలి రామవిలాస సభలో చేరి సత్యభామ, చిత్రాంగి, దేవదేవి, రోషనార, మధురవాణి అన్నీ కట్టాడు. ఆయన నడక చూసి ఆడవాళ్లు నడక దిద్దుకున్నారన్న మాట ఆ కాలంలో అందరి నోటా ఉంది. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1971లో కన్నుమూశాడు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ పాడే మీరజాలగలడా పాటను ఆయనే కట్టుకున్నాడని ప్రసిద్ధి. ఒక్క పల్లవిని పట్టుకుని గర్వం, మురిపెం, ధీమా, అసూయ ఒక్కో తడవ ఒక్కోటి చూపేవాడని చూసినవాళ్లు చెప్పుకున్నారు.

అభినయం రికార్డుకు ఎక్కదు. కన్ను, నడుము, జడ విసురు ఏవీ లేకుండా గొంతు మీదే సత్యభామ బరువంతా పడుతుంది. గరగరల వెనక వినిపించేది స్త్రీ గొంతును అనుకరించడం కాదు. మగవాడి ఊపిరి బలంతో తారస్థాయిని అందుకుంటూ, పలుకు చివర మాత్రం సన్నగా చెక్కి వదిలే పద్ధతి అది. మన రంగస్థలానికి దూరం చేరే గట్టిదనం కావాలి. ఇంగ్లీషు చర్చికి రాతిగోడల మధ్య తేలే పలచదనం కావాలి. అందుకే స్థానాన్నీ, కౌంటర్‌టెనర్‌నూ ఒకే గాటన కట్టడం సరికాదు. అవసరం ఒకటే, దాన్ని తీర్చుకున్న దారులు రెండు.

ఇంగ్లండ్ దారిలో మలుపు తిప్పినవాడు ఆల్ఫ్రెడ్ డెల్లర్. 1912లో మార్గేట్ అనే సముద్రతీరపు ఊళ్లో పుట్టాడు. సంగీత కళాశాల మెట్లెక్కలేదు, చర్చి బృందంలో పాడుతూనే తన గొంతును తనే సానబెట్టుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో తుపాకీ పట్టనని చెప్పి పొలం పనికి వెళ్లాడు, కాంటర్‌బరీ చర్చిలో పాడాడు. అక్కడ విన్న స్వరకర్త మైకేల్ టిప్పెట్, పర్సెల్ రాసిన గొంతు ఇదేనని గుర్తుపట్టి లండన్ సభలకు పరిచయం చేశాడు. 1946 సెప్టెంబరు 29న బీబీసీ మూడో కార్యక్రమం ప్రారంభమైన రాత్రి, రాణి మేరీ పుట్టినరోజుకు పర్సెల్ రాసిన ఆ ప్రబంధంలో డెల్లర్ పాడాడు. తర్వాత 78 పళ్లేలకూ, ఆపైన ఎల్పీలకూ పర్సెల్‌ను పాడి ఇచ్చాడు. గడ్డంతో, భారీ విగ్రహంతో ఉన్న మనిషి నోట ఆ సన్నని స్వరం విని తొలి శ్రోతలు నివ్వెరపోయారు. కొడుకు మార్క్ కూడా అదే గొంతు పట్టాడు. 1960లో బెంజమిన్ బ్రిట్టెన్ తన కొత్త ఒపెరాలో యక్షరాజు ఒబెరాన్ పాత్రను డెల్లర్ కోసమే రాశాడు. 1979లో ఆయన పోయేనాటికి జేమ్స్ బౌమన్ వంటి తర్వాతి తరం పూర్తిగా సిద్ధమైపోయింది.

డెల్లర్ గొంతు ఇలా మొలకెత్తడానికి రెండు కారణాలున్నాయి. పర్సెల్ కాలం నుంచి చర్చిలో ఆ గొంతుకు కొలువు పూర్తిగా తెగిపోలేదు. చేతిలో రాతస్వరం ఉంది, దాని మీద రికార్డు తోడైంది. స్థానం గొంతుకు అలాంటి కొలువు లేదు. మన పద్యానికి రాతస్వరం లేదు, గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వెళ్లవలసిందే. రంగస్థలం మారగానే ఆ నోరూ ఆ చెవీ విడిపోయాయి. బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి కొద్దిమంది పద్యనాటకంలో, వేదాంతం సత్యనారాయణశర్మ వంటివారు కూచిపూడిలో ఆ వేషాన్ని చాలాకాలం మోశారు. ఇప్పుడు వాళ్లూ లేరు.

రాఘవది తప్పా? కానే కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలైన కుటుంబ నాటకాల వాళ్లు తమ ఇంటి ఆడవాళ్లనే రంగమెక్కించి దారి చూపారు. విద్యావంతుల సమాజాలు మాత్రం పరువు పేరు చెప్పి తలుపులు మూసుకున్నాయి. ఆ తలుపు మీద చెయ్యివేసి తోసినవాడు తాడిపత్రి మనిషి. స్త్రీ తన దుఃఖాన్ని తన గొంతుతో పలికే హక్కు ముందు ఏ మగవాడి తారస్థాయీ గొప్పది కాదు. ఆ పోరాటం గెలిచిందనడానికి 1966 నాటి శ్రీకృష్ణ తులాభారం సినిమాయే సాక్ష్యం. స్థానం పాటను సుశీల పాడింది, జమున అభినయించింది. ఇవాళ ఆ పాట అనగానే చెవిలో మోగేది సుశీల గొంతే.

అయితే గెలిచిన తర్వాత ఓడినవాడి విద్యను మట్టిలో కలపాల్సిన పని లేదు. ఇవాళ ఐరోపా ఒపెరాల్లో హాండెల్ సీజర్‌ను ఒక ఊళ్లో కౌంటర్‌టెనర్ పాడతాడు, ఇంకో ఊళ్లో స్త్రీ పాడుతుంది. హాండెల్ కూడా తన కాలంలో గాయకుడు దొరకనప్పుడు వీరుడి పాత్రను స్త్రీకి ఇచ్చినవాడే. ఎవరి చోటునూ ఎవరూ లాక్కోవడం లేదు. 1994లో ఫారినెల్లి అనే సినిమా తీసినప్పుడు పోయిన గొంతును మళ్లీ పుట్టించడానికి ఒక మగ కౌంటర్‌టెనర్‌నూ ఒక స్త్రీనీ విడివిడిగా పాడించి, కంప్యూటర్ మీద ఇద్దరినీ ఒకటిగా అతికారు. మనకు అంత శ్రమ అక్కర్లేదు. స్థానం గొంతు పళ్లేల మీద ఉంది. చేయాల్సింది, దొరికిన ప్రతి స్త్రీపాత్ర రికార్డునూ శుభ్రం చేసి, పాడినవారి పేరు, నాటకం, రాగం, శ్రుతి రాసి, వినాలనుకున్నవాళ్లకు అందుబాటులో పెట్టడం. ఆ తర్వాత అనంతపురంలోనో తెనాలిలోనో పద్యం నేర్చుకుంటున్న కుర్రాడు ఒకడు ఆ శ్రుతికే తంబూరా కలుపుకుని సత్యభామ పాటను సాధన చెయ్యవచ్చు. పక్కనే అదే పాట ఒక అమ్మాయి కూడా పాడవచ్చు.