లౌలౌ

లౌలౌ హవాయి దీవుల సంప్రదాయ వంటకం. కొవ్వున్న పంది మాంసం ముక్కలను, చిన్న ఉప్పుచేప ముక్కను చామాకుల్లో చుట్టి, పైన కీ అనే మొక్క ఆకును మరో పొరగా కట్టి, గంటల తరబడి ఆవిరిలో మగ్గిస్తారు. పై ఆకు తినేది కాదు. రసం కారిపోకుండా చూడడం, తన పచ్చి వాసనను లోపలికి ఇవ్వడం దాని పని. లోపలి చామాకు మాంసపు కొవ్వును పీల్చుకుని మెత్తబడుతుంది. వంటకానికి రుచి అక్కడే ఉంది.

చామ, పంది, కీ మొక్క మూడూ సముద్రం దాటి వచ్చిన పోలినేషియన్ల పడవల్లోనే హవాయి చేరాయి. ఆకాశ దేవుడు వాకేయకు మొదట ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డను పాతిపెట్టిన చోట చామ మొలిచిందని, తరువాత పుట్టిన బిడ్డ సంతతే తామని హవాయి ప్రజల పురాణగాథ. అందుకే చామను వారు అన్నగా గౌరవిస్తారు. పంది మాంసం అందరికీ దక్కేది కాదు. కపు అనే నిషేధాల ప్రకారం స్త్రీలు దాన్ని ముట్టకూడదు, మగవారి పంక్తిలో కూర్చోకూడదు. 1819లో రెండవ కమెహమెహా రాజు స్త్రీలతో కలిసి భోంచేయడంతో ఆ కట్టుబాటు కూలింది.

పాత పద్ధతిలో లౌలౌను ఇము అనే గుంతపొయ్యిలో వండేవారు. గుంతలో కట్టెలు మండించి లావా రాళ్ళను కాలుస్తారు, చీల్చిన అరటి బోదెలు, ఆకులు పరిచి పొట్లాలు పేరుస్తారు, పైన మట్టి కప్పేస్తారు. అరటి బోదెలోని నీరే ఆవిరవుతుంది. ఇప్పుడు ఇళ్ళలో ఎక్కువగా ఆవిరి పాత్రలే వాడుతున్నారు.

వంట ఎంతసేపన్నది మాంసం కన్నా ఆకును బట్టే నిర్ణయించాలి. పచ్చి చామాకులో సూదిమొనల కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. సరిగా ఉడకకపోతే నోరు, గొంతు దురదపెడతాయి. ఈ దురద తెలుగు వంటింటికీ తెలిసిందే, చామాకు కూరలో చింతపండు పులుసు పోసేది అందుకే. లౌలౌలో పులుపు ఉండదు కనుక ఎక్కువసేపు ఉడికించడమే విరుగుడు. కండరాలను పట్టి ఉంచే కొల్లాజెన్ కరిగి మాంసం విడిపోవడానికీ అంతే సమయం కావాలి. స్లో కుక్కర్ ఈ వంటకు బాగా నప్పేది ఇందువల్లే.

పంది భుజం మాంసాన్ని పెద్ద ముక్కలుగా కోసి రాతి ఉప్పు పట్టించాలి. చామాకుల కాడలు, లావు ఈనెలు తీసేసి, నాలుగైదు ఆకులు ఒకదానిపై ఒకటి పరిచి, మాంసాన్ని, చేపను పెట్టి మడవాలి. కీ ఆకు దొరకనిచోట అరటాకు వాడవచ్చు. నిప్పు మీద కాస్త వాడిస్తే అది చిరగదు. కుక్కర్‌లో అరకప్పు నీళ్ళు పోసి, పొట్లాలు పేర్చి, తక్కువ వేడిమీద 8 నుంచి 10 గంటలు ఉంచాలి. మధ్యలో మూత తీస్తే వేడి పడిపోయి సమయం పెరుగుతుంది. గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా వేయకూడదు: ప్రమాదకరమైన సూక్ష్మజీవులు పెరిగే ఉష్ణోగ్రతలోనే అది చాలాసేపు ఉండిపోతుంది. ఇము వాసన కోసం కొందరు సీసాల్లో దొరికే ద్రవ ధూమాన్ని చేరుస్తారు కానీ, ఆకుల పరిమళమే ప్రధానమైన ఈ వంటకానికి అది అనవసరం.

దించేముందు ఆకు కొసను కొద్దిగా రుచి చూడాలి. గొంతు గీరితే మరో గంట ఉంచాలి. లౌలౌను చామదుంపల ముద్ద అయిన పోయితోగానీ అన్నంతోగానీ వడ్డిస్తారు. టమాటా, ఉల్లిపాయలు కలిపిన ఉప్పు సాల్మన్ చేప పక్కన ఉంటుంది.